ఏడో గదిలో ముప్ఫై ఒక్క మంది

టీసీ పెద్దమ్మ వేలు చూపించిందంటే ఆ మనిషి దోషే. ఇందులో వాదానికి తావు లేదు. ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి, ఆ తరవాత పదకొండేళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్న ఆవిడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా తప్పు మనిషిని పట్టుకున్న పాపాన పోలేదు. చెప్పుల చప్పుడు విని ఆ మనిషి ఏ స్టేషన్లో ఎక్కాడో, టికెట్టు ఏ జేబులో లేదో చెప్పేసేది. ఒకసారి మొదటి తరగతి పెట్టెలో నిద్ర నటిస్తున్న ఒకాయనను, "ఈ గురక రెండో తరగతిది, ఇక్కడేం చేస్తోంది?" అని తట్టి లేపిందట. నేను చెబుతున్నాను కాబట్టి నమ్మండి.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం రెండున్నరకు మూడో అంతస్తులోని నాలుగో గది గుమ్మంలో నిలబడి, లోపలి ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పదకొండింటి మధ్య బెత్తెడు బెత్తెడు ఎడం, కొలిచి వేసినట్టు. పన్నెండోది మాత్రం కాస్త వెనక్కి జరిగి ఉంది. కుర్చీలు వేసిన మనిషే అందులో కూర్చున్నాడని చెప్పడానికి డిటెక్టివే అక్కర్లేదు. గోడకున్న తెల్లబోర్డు మీద నీలి సిరాతో "11.35. హాజరు: 0" అని రాసి ఉంది. ఆ సున్నాను తొందర లేకుండా, గుండ్రంగా చుట్టారు.

"చూశావుగా పెద్దమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టరు. అతను ఆవిడ సొంత చెల్లెలి కొడుకు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఆవిడ కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టు చూస్తాడు. అంతకు ముందు మూడు కేసుల్లో అతను మూసిన ఫైలును ఆవిడ తెరిపించింది. ఈ నాలుగోదాన్ని సాయంత్రం నాలుగు గంటలకు మూసేస్తానని వచ్చీరాగానే చెప్పేశాడు.

చనిపోయినాయనను అందరూ మాస్టారు అనేవారు. బళ్లో పాఠాలు చెప్పినవాడు కాదు. ఎవరి ప్రోగ్రాములో తప్పు దొర్లినా విసుక్కోకుండా కూర్చోబెట్టి దిద్దేవాడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. యాభై తొమ్మిదేళ్లు. పందొమ్మిదేళ్ల కింద ఆయన 'గడియారం' అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాసి, అందరూ వాడుకోండని ఊరికే వదిలిపెట్టాడు. ఇప్పటికి ఎనిమిది గంటలు కలిపితే ఏ తేదీ, ఏ సమయం అని లెక్క తేల్చడమే దాని పని. వినడానికి ఇంతేగాని, ఆస్పత్రిలో రోగికి మళ్లీ మందు ఎప్పుడు ఎక్కించాలో లెక్కగట్టే యంత్రాల దాకా వేల చోట్ల అది కూర్చుని ఉంది. ఇంత బరువునూ ఆయన ఒక్కడే, ఇంట్లో వంటగది బల్ల మీద, పందొమ్మిదేళ్లు మోశాడు.

ఆ భవనంలో జరుగుతున్నది ప్రోగ్రామర్ల సదస్సు. రెండో రోజు ప్రత్యేకంగా పిలిచిన వక్తలంటూ ఎవరూ ఉండరు. వంటవాడిని పిలవకుండా అతిథులే గరిటె పట్టుకునే విందు లాంటిదన్నమాట. పొద్దున వచ్చిన ప్రతివాడూ తాను మాట్లాడదలచుకున్నది ఒక పసుపు కార్డు మీద రాసి, గాజుగోడ మీద తనకు నచ్చిన గదికి, నచ్చిన సమయానికి ఎదురుగా అంటిస్తాడు. మాస్టారి కార్డు పదకొండున్నరకు, నాలుగో గదికి. దాని మీద రాసింది ఇది: "గడియారాన్ని పందొమ్మిదేళ్లుగా ఒక్కడినే చూసుకుంటున్నాను. ఇక ఎవరు చూసుకుంటారు?"

సరిగ్గా పన్నెండు గంటలకు, వెనక మెట్ల అడుగున, తలకు దెబ్బతో ఆయన శవమై కనిపించాడు.

ఇన్‌స్పెక్టరు లెక్క అరటిపండు ఒలిచినంత తేలిక. పందొమ్మిదేళ్ల కష్టం, చేయందుకోమని అడిగితే ఒక్క పురుగు రాలేదు. మనసు విరిగింది, మూడో అంతస్తు మెట్ల మీద నుంచి దూకాడు. పైగా పొద్దున ఇల్లు వదులుతూ భార్యతో, "ఈ రోజుతో బరువు దించేసుకుంటాను" అన్నాడట.

ఆ భార్యే పెద్దమ్మకు కబురు పెట్టింది. కింద పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర, ఆయన మెడలో వేసుకోవలసిన బ్యాడ్జీని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరు చంపారని అడగలేదు. న్యాయం కావాలనీ అనలేదు. "ఆయన కోసం నిజంగా ఎవరూ రాలేదా? అదొక్కటి కనుక్కుని చెప్పండి" అని మాత్రం అంది. పెద్దమ్మ మెట్లెక్కుతున్నంతసేపూ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

"ఎవరూ రాలేదని నీకెలా తెలుసురా?" అని ఆవిడ అడిగింది.

"అడిగాను కాబట్టి. హాల్లో కుర్చీ ఎక్కి నిలబడి, రెండు వందల పన్నెండు మందినీ అడిగాను. పదకొండున్నరకు నాలుగో గదికి వెళ్లినవాళ్లు చేతులెత్తండి అని. ఒక్క చెయ్యి లేవలేదు."

"ఆ తరవాత?"

"ఆ తరవాతేముంది, దిగాను."

పెద్దమ్మ నిట్టూర్చి, బోర్డు మీది సున్నాను ఇంకోసారి చూసి, మోకాళ్లు పట్టుకుని కిందికి దిగింది.

గాజుగోడ దగ్గర నిచ్చెన పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆ గోడ బాగోగులు చూసే స్వచ్ఛంద కార్యకర్త. మధ్యాహ్నం నుంచి ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పెద్దమ్మ ఆమెను మాటల్లోకి దించి గోడ మర్యాదలన్నీ రాబట్టింది. ఒక్కొక్కరికి మూడు ఎర్రచుక్కలు ఇస్తారు. తాము వెళ్లదలచుకున్న కార్డు మీద తలా ఒక చుక్క అంటిస్తారు. కార్డును అంటించిన చెయ్యి తప్ప మరో చెయ్యి కదపకూడదు. మరి మాస్టారి కార్డు మీద ఎన్ని చుక్కలంటే, ముప్ఫై ఒకటి.

చుక్క పెట్టిన ముప్ఫై ఒక్క మందీ ఒక్కుమ్మడిగా మాట తప్పుతారా? పెద్దమ్మ కళ్లద్దాలు ముక్కు మీదికి లాగి గోడకు దగ్గరగా జరిగింది. పదకొండున్నర వరసలో ఖాళీగా ఉన్న గళ్లు నాలుగు. మూడింటిలో గాజు తుడిచినట్టు ఉంది. నాలుగోది ఏడో గదికి చెందిన గడి. అందులో కాగితపు టేపు పీలికలు రెండు, వాటి అడుగున పసుపు కాగితం పొట్టు.

"ఇక్కడ ఏ కార్డుండేదమ్మా?" అంది మెల్లిగా.

ఆ అమ్మాయి నిచ్చెన సర్దబోయింది. చివరికి నిచ్చెన మెట్టు మీదే కూలబడి జరిగింది చెప్పేసింది. పదకొండుంపావుకు ముందు, కచ్చితంగా చెప్పాలంటే పదకొండూ పదికి, మాస్టారి శిష్యుడు వచ్చాడు. ఆయన మోకాళ్లు బాగా లేవు, మూడో అంతస్తు ఎక్కించడమెందుకు, కిందున్న ఏడో గది ఖాళీయే కదా, అక్కడికి మార్చు అన్నాడు. మంచిమాటే కదా అని మార్చింది. మాస్టారికి తాను చెబుతానన్నాడు శిష్యుడు. పన్నెండు దాటాక ఘోరం తెలిసింది. ముట్టుకోకూడని కార్డును ముట్టుకున్నానన్న భయంతో, పోలీసులు రాకముందే దాన్ని మళ్లీ నాలుగో గదికి ఎదురుగా అంటించేసింది.

"అయితే ఆ ముప్ఫై ఒక్క మంది?"

"ఏడో గదిలోనే ఉన్నారండీ. ఇప్పుడూ మళ్లీ అక్కడే చేరి కూర్చున్నారు."

"మరి పోలీసులతో ఎందుకు చెప్పలేదు?"

"నాలుగో గదికి వెళ్లారా అని అడిగారండీ. ఎవరూ వెళ్లలేదుగా."

అదీ సంగతి. ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు అదొక జబ్బు. రోజంతా యంత్రాలతో మాట్లాడీ మాట్లాడీ, అడిగినదానికి అక్షరం పొల్లుపోకుండా జవాబు చెబుతారు. అడగని సంగతి ఒళ్లో బాంబులా ఉన్నా చెప్పరు.

పెద్దమ్మ తిన్నగా ఏడో గదిలోకి నడిచింది. వెనకే ఇన్‌స్పెక్టరు. గది నిండా మనుషులున్నారు. శిష్యుడు నలభై ఏళ్ల మనిషి, కిటికీ దగ్గర తల గోడకు ఆనించి నిలబడ్డాడు. ఆవిడ అతని ఎదుట ఆగి, అందరి ముందూ వేలు చూపించింది. నువ్వే కార్డు మార్పించావు, నువ్వే ఆయనకు చెప్పకుండా దాచావు, జనాన్నంతా ఇక్కడ పోగేసి పైన ఆయనను ఒంటరివాణ్ణి చేశావు, ఆ తరవాత ఏం చేశావో కూడా నువ్వే చెప్పు అంది.

అతను ఫోను తీసి చూపించాడు. సదస్సు గ్రూపులో పదకొండూ పన్నెండుకు పెట్టిన సందేశం: మాస్టారూ, గది మారింది, ఏడో గదికి రండి. అది అందరూ చూశారు, ఒక్కరు తప్ప. ఎదురుగా మనిషి ఉండగా ఫోనెందుకని, ఇలాంటి సెషన్లకు వచ్చేముందు ఫోనును సంచిలో పడేసి కౌంటర్లో అప్పగించడం మాస్టారికి పదేళ్ల అలవాటు. ఆ అలవాటు శిష్యుడికి తెలుసు. తెలిసీ తొందరలో మరచిపోయాడు.

"పదకొండున్నర నుంచి పన్నెండు దాకా ఇదిగో ఇక్కడే నిలబడ్డానండీ" అన్నాడు. "వచ్చేస్తారు, వచ్చేస్తారు అని వీళ్లకు చెబుతూ. ఎవరో ఒకరు పైకెళ్లి పిలిచే ఉంటారనుకున్నాను."

గదిలో ప్రతివాడూ అదే అనుకున్నాడు. ముప్ఫై ఒక్క మందిలో ప్రతి ఒక్కరూ, మిగతా ముప్ఫై మందిలో ఎవరో వెళ్లి ఉంటారని కదలకుండా కూర్చున్నారు. శిష్యుడు గది దాటలేదని అందరూ సాక్ష్యం చెప్పారు.

ఇన్‌స్పెక్టరు చిన్నగా దగ్గాడు. "రాసుకోమంటావా పెద్దమ్మా? డిటెక్టివ్ గారు మూడూ పదికి తప్పు మనిషిని పట్టుకున్నారని?"

ఏమిటీ, ఆవిడ ఎన్నడూ తప్పు మనిషి మీద వేలు పెట్టలేదని నేను మొదట్లో అన్నానంటారా? అన్నాను. కథ మొదలెట్టేటప్పుడు ఆ మాత్రం బాకా ఊదకపోతే వినేదెవరు? నిజానికి ఆవిడ నెలకొకసారైనా పప్పులో కాలేస్తుంది. రైళ్లలో ఉన్నప్పుడు ఒకసారి సొంత ఆడపడుచుకే జరిమానా రాసింది. కాకపోతే తప్పు చేశానని తెలిసిన మరుక్షణం అందరిలోనూ ఒప్పుకుంటుంది. ఇప్పుడూ అంతే. శిష్యుడి రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదే నాయనా, మన్నించు" అంది. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ ఆ మనిషి ఆ మాటకు బావురుమన్నాడు.

ఏడుస్తూనే ఒక పెద్ద కాగితం చూపించాడు. సెషన్ పెట్టినాయన రాకపోతే వచ్చినవాళ్లే దాన్ని నడుపుకోవాలన్నది అక్కడి ఆనవాయితీ. పదకొండు ముప్పావుకు వీళ్లు మొదలెట్టారు. గడియారాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం ఎవరు చూసుకుంటారో కాగితం మీద రాసుకున్నారు. శిష్యుడిదీ కలిపి ముప్ఫై ఒక్క పేర్లు. ఆయన రాగానే చేతికిద్దామని అట్టేపెట్టారు.

పెద్దమ్మ ఆ కాగితాన్ని చదివి, మడవకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. తరవాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, మాస్టారి ఒంటి మీద దొరికిన వస్తువుల జాబితా చదవమంది.

"నాలుగవుతోంది" అన్నాడతను.

"ఇంకా ముప్పావు గంట ఉంది. చదవరా."

కళ్లద్దాలు, చేతిరుమాలు, మోకాళ్ల నొప్పి మాత్రలు, నీలి సిరా పెన్ను, మడత పెట్టిన కాగితం ఒకటి, దాని మీద పిచ్చిగీతలు. ఆ పిచ్చిగీతలేవో చూపించమంది. గది తలుపుకు అంటించే సెషన్ కాగితం అది. పైన సెషన్ పేరు. కింద "4" అన్న అంకెను కొట్టేసి, పక్కన "7" అని రాసి ఉంది. నీలి సిరాయే. సెషన్ ఏ గదికి మారితే ఆ కాగితం ఆ తలుపుకు మారాలి, దాన్ని మోసుకెళ్లాల్సింది సెషన్ పెట్టినవాడే అని గోడ దగ్గరి అమ్మాయి చెప్పింది.

"ఆయనకు తెలిసింది" అంది పెద్దమ్మ. "దూకబోయేవాడు గది నంబరు దిద్దుకుంటాడట్రా?"

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు.

భవనం ఊడ్చే ఆవిడను పిలిపించారు. శవాన్ని మొదట చూసిందీ ఆవిడే. మెట్ల తలుపు వెనక అట్ట మీద, ఊడ్చినట్టు గుర్తుగా, పన్నెండు గంటల సంతకం పెట్టబోతూ చూసింది. అంతకు పది నిమిషాల ముందు, రెండో అంతస్తు వరండా తుడుస్తుండగా, మూసి ఉన్న తలుపు అవతల మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నదట. ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలికగా పడుతున్నాయి, అయినా పరుగే. "వస్తున్నా, వస్తున్నా" అని కేక కూడా. ఆ వెనకే ఇంకొకరి బూట్ల చప్పుడు, తీరిగ్గా. ఆ తరవాత ఏదో పడ్డ శబ్దం. ఎవరో సామాను దించుతున్నారేమోలే అనుకుని తన పనిలో పడింది. పోలీసులకెందుకు చెప్పలేదంటే, వాళ్లు తనను అడిగింది శవాన్ని ఎన్నింటికి చూశావని మాత్రమే అంది.

పైకెళ్లి మాస్టారికి గది మారిన సంగతి చెప్పిందెవరు? ఈసారి ప్రశ్న పెద్దమ్మ అడిగింది, అన్ని వైపుల నుంచీ అడిగింది. ఒక్కరూ తాము చెప్పామనలేదు.

పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర మాస్టారి భార్యకు ఆ వస్తువుల జాబితానే మళ్లీ చదివి వినిపించారు. ఆమె శ్రద్ధగా వింది. "మెడలో నల్లతాడుకు తాళం ఉండాలే" అంది. వేలెడంత పుల్ల లాంటి తాళం. దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే తప్ప, మార్పులు చేసిన గడియారం కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, విడుదల కాదు. ఎప్పుడూ మెడలో ఉండేదే, స్నానానికి కూడా తీసేవాడు కాదు. జాబితాలో అది లేదు.

శిష్యుడు తన కంప్యూటరు తెరిచాడు. గడియారం కొత్త కూర్పు ఒకటి మాస్టారి పేరు మీద విడుదలై ఉంది. సమయం పన్నెండూ నాలుగు. అప్పటికి ఆయన పోయాడు. ఏడో గదిలో వాళ్లంతా మెట్ల దగ్గర గుమిగూడి ఉన్నారు. దాని అడుగున, మూడు రోజుల క్రితం పుట్టిన ఊరూపేరూ లేని ఖాతా నుంచి ఒక వాక్యం: "ఈ రోజు నాలుగో గదిలో మాస్టారు స్వయంగా దీన్ని నాకు అప్పగించారు. హాజరు: ఒక్కరు."

పెద్దమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. బోర్డు మీద సున్నా వేసింది పదకొండూ ముప్ఫై అయిదుకు. అది వేశాక ఆ గదిలోకి ఒక మనిషి వచ్చాడు. కింద మీ కోసం ముప్ఫై ఒక్క మంది కాచుకుని ఉన్నారని చెప్పాడు. పందొమ్మిదేళ్లుగా ఆయన ఎదురుచూసిన కబురు అది. దాన్ని మోసుకొచ్చినవాడే ఆయన వెనక తీరిగ్గా మెట్లు దిగాడు.

కొత్త కూర్పు సాయంత్రం ఆరు గంటలకు ఆస్పత్రుల యంత్రాల్లోకి తనంతట తానే వెళ్తుందని శిష్యుడు చెప్పాడు. తాళం లేకుండా ఆపడం కుదరదు. అందులో ఏం మార్చారో కనిపెడితే ఆస్పత్రులను హెచ్చరించవచ్చు. చదవాల్సింది చాలా ఉంది, ఉన్నది రెండు గంటలు. ముప్ఫై ఒక్క మందీ కాగితం మీద రాసుకున్న భాగాల ప్రకారమే పంచుకుని చదవడానికి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు ఫైలు చంకలో పెట్టుకుని, గేట్లన్నీ మూయించి వచ్చాడు. మధ్యాహ్నం నుంచి ఒక్కరినీ బయటికి వదల్లేదు కాబట్టి ఆ మనిషి లోపలే ఉండాలన్నాడు. ఆ తరవాత, "నేను ప్రశ్న సరిగ్గా అడగాల్సింది పెద్దమ్మా" అన్నాడు.

"తరవాత తిడతాలే" అందావిడ.

ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆవిడ మాస్టారి భార్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో చెయ్యి వేసింది.

"వచ్చారమ్మా. ముప్ఫై ఒక్క మంది వచ్చారు. గది మారింది, అంతే."

"ఆయనకు తెలిసిందా?"

"తెలిసింది. తెలిసే పరుగున దిగాడు."

ఎవరు చెప్పారని ఆమె అడుగుతుందేమోనని పెద్దమ్మ ఒక అబద్ధం సిద్ధం చేసుకుని ఉంచింది. ఆమె అడగలేదు. బ్యాడ్జీ అంచును గోటితో గీరుతూ కూర్చుంది. "మెట్ల మీద పరుగెత్తొద్దని డాక్టరు చెప్పాడు. చెబితే వింటాడా ఆయన?" అంది మొగుణ్ణి కేకలేస్తున్నట్టే. ఆ మాట పూర్తి కాకుండానే, కబురు విన్నప్పటి నుంచి పొడిగా ఉన్న కళ్లు ఒక్కసారిగా కట్ట తెంచుకున్నాయి. పెద్దమ్మ ఆమె తలను భుజం మీదికి తీసుకుని, ఆమె ఏడవగలిగినంతసేపు కదలకుండా కూర్చుంది.

నాలుగుంపావుకు ఆవిడ ఏడో గదిలోకి వచ్చింది. అందరూ తలలు వంచి చదువుతున్నారు, మీటల టకటక తప్ప మరో చప్పుడు లేదు. పాత అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి వంచిన తలలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు వచ్చింది. కాగితం తీసుకుని పేర్లు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటే. మళ్లీ తలలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. ఒక్క తల కూడా పైకి లేవలేదు. ఆవిడ వెనక్కి చెయ్యి పెట్టి, చప్పుడు కాకుండా తలుపు గడియ వేసింది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. సున్నా ఉంది, కొట్టేసిన నాలుగు ఉంది, దిద్దిన ఏడు ఉంది, ముప్ఫై రెండో తలా ఉంది. కాని ఊడ్చే ఆవిడ విన్నది అడుగుల చప్పుడూ, పడ్డ చప్పుడూ, అంతే. "వస్తున్నా, వస్తున్నా" అన్న కేక నేను పెట్టాను. మూసిన తలుపు అవతల ఆయన ఏ మాట అన్నాడో ఎవరికి తెలుసు? కాకపోతే, పందొమ్మిదేళ్ల తరవాత అంతమంది తన కోసం కాచుకుని ఉన్నారని తెలిసినవాడు ఆ మాట అనకుండా మెట్లు ఎలా దిగుతాడో నాకు రాయడం చేతకాలేదు.